దుమ్ము చెప్పిన గ్రహం, అక్క చెప్పని గడ్డ

మా అక్క తన ఎడమ రొమ్ములో గడ్డ ఉన్న సంగతి ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆ ఎనిమిది నెలల్లో నేను నెలకు రెండు ఆదివారాలు వాళ్లింటికి వెళ్లాను. ఆమె చేతి అన్నం తిన్నాను. ఆమెతో వాదించాను. కంటికి కనబడని వస్తువును దాని చుట్టూ ఉన్న గుర్తులతో ఎలా పట్టుకోవాలో బడిబడికీ తిరిగి పిల్లలకు చెప్పిందీ ఆ నెలల్లోనే. ఈ రెండు సంగతులను పక్కపక్కన రాయడానికి నాకు చాలాకాలం పట్టింది.

నేను వనపర్తిలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. పుట్టింది గద్వాలలో, మగ్గాల ఇంట్లో. అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. అమ్మ పొద్దంతా రాట్నం ముందు కూచుని కండెలు చుడుతుంటే నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే. నేను అంకెలు నేర్చుకుంది పలక మీద కాదు, పడుగు పోగుల మీద. అక్క పోగులు విడదీస్తూ లెక్కపెడుతుంటే నేను వెంట వెంట అనేవాణ్ని. మధ్యలో తప్పితే మళ్లీ మొదటినుంచి. ఆమె ఐదో తరగతితో ఆగిపోయింది. నేను ఆగలేదు. ఆమె పెళ్లి కూడా ఆ ఊళ్లోనే, రెండు సందుల అవతల ఇంకో మగ్గాల ఇంటికి. బావ మంచి నేతగాడు. అక్క ఆయనకంటే మంచి నేతగత్తె. ఈ మాట ఆయనే అనేవాడు.

వనపర్తిలో చదువుకునే రోజుల్లో గ్రంథాలయం వెనక గదిలో శనివారం సాయంత్రాలు చర్చలు జరిగేవి. రిటైరైన ఒక బడిపంతులు నడిపేవాడు. ఎదుటివాడి మాట వినగానే అందులో ఆధారం లేని చోటు ఎక్కడుందో వెతకమనేవాడు. దొరికితే అక్కడే గునపం దించమనేవాడు. నేను ఆ విద్య బాగా నేర్చాను. ధరూర్ దగ్గర జాతరలో నాలుక మీద కర్పూరం వెలిగించుకుని, ఇందులో మహిమ లేదు, నాలుక మీద తడి ఉందంతే అని వందమంది ముందు చూపించాను. రాజోలిలో చర్చల మిత్రులం కలిసి, పాము కరిచిన పిల్లకు మంత్రం వేస్తున్న మనిషితో కలబడి ఆ పిల్లను ఆటోలో దవాఖానకు చేర్చాం. పిల్ల బతికింది. ఆ గొడవలకు నేను ఇవాళ కూడా సిగ్గుపడను. మంత్రగాడి చేతుల్లో పోయిన ప్రాణాలకు లెక్క చెప్పేవాడు లేడు కాబట్టి ఎవరో ఒకరు కలబడవలసిందే. కానీ కలబడటం ఒక్కటే తెలిసినవాడికి ఇంట్లో ఏం జరుగుతుందో ఇప్పుడు చెప్తాను.

ఉగాది దాటిన తర్వాత ఒక ఆదివారం గద్వాల వెళ్లాను. బావ వాకిట్లోనే ఎదురొచ్చాడు.

"వచ్చినవా బామ్మర్దీ. మీ అక్కకు భక్తి ముదిరింది. మంగళారం మంగళారం ఒక్కపొద్దు. చెప్పుల్లేకుంట జములమ్మ గుడిదాంక నడుసుడు. నువ్వొచ్చి జర దించు, దయ్యాన్ని దించినట్టు."

అక్క లోపలినుంచి అరిచింది. "వాడేం దించుతడు? వాడికి పట్టిన దయ్యమే ఇంత దాంక దిగలే."

ముగ్గురం నవ్వుకున్నాం. ఒక్కపొద్దు అంటే రోజులో ఒక్క పూట తిని ఉండటం. మా అక్క అంతకుముందు ఎప్పుడూ అట్లా ఉన్న మనిషి కాదు. పండక్కి పండక్కి గుడికి పోయేది, అందరితోపాటు కొబ్బరికాయ కొట్టేది, మరుపూట మరిచిపోయేది. మగ్గం ముందు కూచునే మనిషికి మంగళవారం సగం పని పోతుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి నేను చేసిందేమిటంటే, భోజనం ముందు కూచుని మొక్కుల మీద ఆమెకు గంటసేపు పాఠం చెప్పడం. మొక్కి బాగుపడ్డవాళ్లు లోకానికి చెప్పుకుంటారు, మొక్కినా బాగుపడనివాళ్లు చెప్పుకోరు, కాబట్టి మొక్కులన్నీ ఫలించినట్టే కనిపిస్తాయని వివరించాను. మంచి వాదన. అందులో ఇప్పటికీ తప్పు దొరకదు.

"అన్నం సల్లారుతుంది తినురా," అంది అక్క.

వర్షాలు మొదలయ్యాక బావ ఇంకో సంగతి చెప్పాడు. అక్క నేసిన చీరల్లో ఎడమవైపు నేత వదులుగా వస్తోందట. పోగును దగ్గరికి కొట్టే పలకను మా అక్క ఎడమచేత్తోనే లాగుతుంది. ఆ చేతి దెబ్బ పడవలసినంత పడటం లేదన్నమాట. చీర కొనేవాళ్లకు అది తెలియదు. నేసేవాళ్లు చెయ్యి పెట్టి తడిమితే తెలుస్తుంది. బావ తడిమి చూశాడు. మగ్గం కదిలిందనుకున్నాడు. గుంజ బిగించాడు. తాళ్లు మార్చాడు. వడ్రంగిని పిలిచి పలక సరిచేయించాడు. నేను కూడా ఒక ఆదివారం కింద పడుకుని, మట్టం పెట్టి చూసి, నేల కొంచెం వాలుగా ఉందని తేల్చాను. ఇద్దరం కలిసి మగ్గాన్నంతా పరీక్షించాం. అక్క గోడకానుకుని, కొంగు రెండు భుజాలమీదుగా కప్పుకుని మమ్మల్ని చూస్తూ కూచుంది.

"మగ్గం ముసల్దైంది. వదిలేయండ్రి," అంది.

శ్రావణంలో ఇంకో ఆదివారం. నేను బడుల్లో చెప్పడానికి కొత్త ప్రసంగం తయారు చేసుకుంటున్నాను. చిన్నవయసు నక్షత్రాల చుట్టూ ఉండే దుమ్ము గురించి. బొమ్మలన్నీ లాప్‌టాప్‌లో పెట్టుకుని వెళ్లాను. బావ పట్టు తేవడానికి బజారుకు పోయాడు. అక్క, కాళ్లు దించుకుని నేసే మగ్గం గుంటలోంచి లేచి వచ్చి నా పక్కన కూచుంది.

"ఏంది తమ్మీ గిది? పెనం మీద పోసిన అట్టు లెక్కుంది."

"నక్షత్రం అక్కా."

"యాడుంది నక్షత్రం? నడుమ నల్లగుంది గద."

"ఫోటో తీసినోళ్లు దాన్ని కప్పిన్రు. దాని వెలుతురుకు పక్కనున్నవి కనబడవు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తం చూడు, గట్ల. చుట్టూ ఉన్నదంత దుమ్ము."

"దుమ్ము చూడనీకి గింత కష్టమా? మా ఇంటికి రమ్మను. మగ్గం కింద తట్టెడుంది, ఊకె ఇస్త."

నేను నవ్వి, ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను. బడి పిల్లలకు చెప్పబోయేదే. నక్షత్రం పుట్టినప్పుడు దాని చుట్టూ మిగిలిపోయిన సరుకు పళ్లెంలాగా తిరుగుతుంది. అందులోనే గ్రహాలు ముద్దకడతాయి. ముద్దకట్టగా మిగిలిన రాళ్లూ మంచు ముద్దలూ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ నుగ్గవుతుంటాయి. ఆ నుగ్గే ఈ దుమ్ము. గ్రహం పెద్దదే కానీ ఒక్కటే వస్తువు, మసక వస్తువు. నక్షత్రం పక్కన దాన్ని చూడటం చాలా కష్టం. దుమ్ము అట్లా కాదు. రేణువు చిన్నదైనా కోటానుకోట్లుగా పరుచుకుని ఉంటుంది కాబట్టి అంతా కలిసి వెలుగును పట్టుకుంటుంది. అందువల్ల గ్రహం కనబడకపోయినా దుమ్ము కనబడుతుంది.

"ఇగో ఈడ చూడు," అన్నాను. "ఈ వలయం నిండుగుంది. ఈడికొచ్చేసరికి సందు. సందు దాటినంక మళ్ల నిండుగుంది. ఎందుకట్లుంది?"

అక్క ముందుకు వంగింది. వేల పోగుల్లో తెగిన ఒక్క పోగును పట్టుకునే కళ్లు అవి. 

"ఎవరో ఊడ్చినట్టుంది," అంది. "గాలికి పోయినట్టు లేదు. గాలికైతే గింత గుండ్రంగ పోదు. ఏదో ఆడనే తిరుగుతుంది. తిరుక్కుంట తిరుక్కుంట దారి చేసుకుంది."

నా ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో, నేను చెప్పకముందే ఇట్లా జవాబు పట్టుకున్న విద్యార్థి ఒక్కడు లేడు. నాకు గర్వంగా అనిపించింది. ఇంకా చూపించాను. ఒక పళ్లెం లోపలి భాగం కొంచెం వంకరగా వాలి ఉంది. ఆ వంకరను చూసి, దీన్ని వంచిన గ్రహం ఒకటి ఉండాలన్నారు. కొన్నేళ్ల తర్వాత గ్రహమే ఫోటోకు చిక్కింది.

"తప్పయితే?" అంది అక్క.

"తప్పని ఒప్పుకుంటరు. ఇంకో నక్షత్రం కాడ ఒక చుక్కను చూసి గ్రహమన్నరు. ఏండ్లు గడుస్తుంటె చుక్క చెదిరిపోయింది. రెండు ముద్దలు గుద్దుకుంటె లేచిన దుమ్ము కావచ్చని ఇప్పుడంటుండ్రు. సందున్న ప్రతి కాడ గ్రహం ఉండాల్నని లేదు. వేరే కారణం గూడ ఉండొచ్చు. వెతకాలె."

ఆమె అప్పుడు నా వైపు తిరిగింది. ముఖంలో మెల్లగా వెక్కిరింపు చేరింది. చిన్నప్పుడు లెక్క తప్పితే చూసే చూపు.

"కనబడకున్నా ఉన్నదంటున్నవు."

"గుర్తులున్నయి కాబట్టి."

"మా అమ్మవారు కనబడదు కాబట్టి లేదంటవు. గిదేం న్యాయంరా?"

ఇంకేముంది. శనివారం సాయంత్రాల మనిషి నాలో లేచి నిలబడ్డాడు. కనబడకపోవడం తప్పు కాదన్నాను. గ్రహం ఉందన్నవాడు ఎంత దూరంలో ఉందో, ఎంత బరువుందో ముందే చెప్తాడు, లేదని తేలితే మాట వెనక్కి తీసుకుంటాడన్నాను. నీ అమ్మవారిని నమ్మినవాళ్లు ఏం జరిగితే ఆమె లేదని ఒప్పుకుంటారో చెప్పమన్నాను. గొంతు పెరిగింది. ఎదురుగా ఉన్నది మా అక్క అని మరిచి, వేదిక ముందు కూచున్న జనమనుకున్నాను.

"నీ సంగతే తీస్కుందం," అన్నాను. "నువ్వు మొక్కినవు. రేపు నీ మొక్కు తీరకపోతే ఏమంటవు?"

అక్క చూపు లాప్‌టాప్ మీదే ఉంది.

"తీరకపోతే నువ్వు గెలుస్తవు తమ్మీ," అంది.

నేను నవ్వాను. ఒప్పుకుందనుకున్నాను. ఆమె కుడిచెయ్యి నేలమీద ఆనించి లేచి, మగ్గం గుంటలోకి దిగింది. వనపర్తి బస్సులో కూచుని, ఆ చర్చను ప్రసంగంలో ఎక్కడ ఇరికించాలా అని ఆలోచించాను. బీచుపల్లి దగ్గర కృష్ణ నిండుగా పారుతోంది. నాకు ఆ రోజు మనసు చాలా హాయిగా ఉంది. ఇది రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు.

కార్తీకంలో ఫోనొచ్చింది. క్లాసులో ఉన్నాను. బావ నా క్లాసు వేళల్లో ఎన్నడూ ఫోన్ చేయడు. బయటికొచ్చి ఎత్తాను.

"బామ్మర్దీ. జర వస్తవా. మీ అక్కకు..." ఆయన ఆగిపోయాడు. "ఎదురింటి వదిన చెప్పింది. నాకు మీ అక్క చెప్పలే. నాకు తెల్వదు బామ్మర్దీ. ఒక్కింట్ల ఉండి నాకు తెల్వదు."

ఆ పొద్దున పడుగుకు గంజి పెడుతున్నారు. నూలు పడుగును వీధి పొడవునా చాపి, గంజి పూసి, ఎండ ముదరకముందే ఇరువైపులా నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుతారు. ఒక ఇంటి పడుగుకు నాలుగిళ్లవాళ్లు చెయ్యి వేస్తారు. ఇవాళ నీది, రేపు నాది. కుంచెను రెండు చేతులతో పట్టుకుని బారుగా లాగాలి. అక్క ఒక్క కుడిచేత్తోనే దువ్వుతోందని ఎదురింటి ఆమె చూసింది. "ఏందే, నడుములు పోయినయా?" అని వెక్కిరించింది. వెక్కిరించి, దగ్గరికి పోయి చూస్తే అక్క రవిక ఎడమవైపు తడిసి ఉంది. అది గంజి తడి కాదు. ఆమె కుంచె కింద పడేసి, అక్క చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి తలుపు వేసింది. ఏ చదువూ లేని ఆ మనిషి అడగవలసినది అడగడానికి ఒక్క నిమిషం తీసుకుంది.

మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ మెల్లగా మాట్లాడే మనిషి. నన్ను తెర బయట కూచోబెట్టింది. మాటలు వినబడుతున్నాయి.

"ఎన్ని రోజుల నుంచి ఉందమ్మా?"

"ఉగాది ముంగటి సంది."

నేను లెక్కవేసుకున్నాను. ఉగాది ముందు గడ్డ. ఉగాది దాటగానే మంగళవారాలు. తర్వాత ఎడమచెయ్యి. తర్వాత రెండు భుజాల మీద కొంగు. నేల మట్టం చూస్తూ నేను మగ్గం కింద పడుకున్న రోజు ఆమె గోడకానుకుని కూచుంది. అన్నీ నా కళ్ల ముందు జరిగాయి. ఏ ఒక్కటీ అక్క దాచిపెట్టలేదు. దాచింది గడ్డను మాత్రమే.

హైదరాబాదుకు రాసిచ్చారు. అక్కడ పరీక్షలన్నీ అయ్యాక, ఎముకలకు పాకిందని చెప్పారు. ముందే వస్తే అనే మాటను అక్కడి డాక్టర్ సగంలోనే ఆపేశాడు. నాకు మిగతా సగం అక్కర్లేదు.

వరండాలో బెంచీ మీద అక్క, నేను. బావ మందుల చీటీ పట్టుకుని లైన్లో ఉన్నాడు. నేను అడిగాను, ఎందుకు చెప్పలేదని. అడగడం అంటే, కోపంగానే అడిగాను.

"అత్తమ్మకు చూసిన గద," అంది, బావ వాళ్లమ్మ గురించి. "ఆమెకు గిదే. గడ్డున్నన్ని దినాలు బాగనే తిరిగింది. దవాఖానకు తీస్కపోయి కోసిన్రు. కోసినంక మూడు నెలలు గూడ లేదు. కత్తి తగిలితె గడ్డ పాకుతదంట. అందరికీ ఎరుకే."

అందరికీ ఎరుకే.  ఇరవై ఐదేళ్లుగా ఎన్ని నమ్మకాల మీద గొంతు చించుకున్నాను! గ్రహణం నాడు అన్నం తినవచ్చని, పిల్లి ఎదురొస్తే పని చెడదని, బల్లి పడితే ఏమీ కాదని. ఇవన్నీ మా అక్క ముందే చెప్పాను. ఆమె ప్రాణం తీస్తున్న నమ్మకం ఒకటి ఆమెలో ఉంది. దాన్ని నేను ఐదు నిమిషాల్లో తీసేయగలను. అదెక్కడుందో నాకు తెలియదు. ఎందుకంటే నేను కొట్టడానికి వీలైన నమ్మకాలనే వెతుక్కున్నాను. ఆమెలో ఉన్న భయాన్ని వెతకలేదు.

అప్పుడే చెప్పాను. కత్తి వల్ల పాకదు, అత్తమ్మకు ఆలస్యమైంది కాబట్టి పాకింది, పాకిన తర్వాత కత్తి పెట్టారు, జనం చివర చూసిన కత్తినే తప్పుపట్టారు అని. అక్క శ్రద్ధగా విన్నది. నడుమ నడుమ తలూపింది.

"గిది మంచిగ చెప్పినవు," అంది. "ముందుగాల చెప్పకపోతివి."

"నువ్వు అడగలేదు గద అక్కా."

"నువ్వు గూడ అడగలే తమ్మీ. వాదించినవు."

ఆమె అది కోపంతో అనలేదు. నన్ను ఓదార్చడానికీ అనలేదు. ఉన్నమాట అన్నది. 

ఇంకొకటి కూడా రాయాలి. అడిగి ఉంటే చెప్పేదా? నాకు తెలియదు. నేను సభల్లో అన్ని మాటలూ మాట్లాడేవాణ్ని. కులం గురించి, పెళ్లిళ్ల గురించి, స్త్రీల హక్కుల గురించి గంటలు గంటలు. రొమ్ము అనే మాట మాత్రం మా అక్క ముందు నా నోట ఎన్నడూ రాలేదు. ఆమె నోట నా ముందు రాలేదు. దవాఖానలో కూడా మేమిద్దరం "ఆడ" అనే అన్నాం. "ఆడ నొప్పుందా?" "ఆడ మంట." మా సంస్కరణ అంతా వేదిక మీద నడిచింది. ఇంట్లో గడప దాటి లోపలికి రాలేదు. చెప్పుకోలేని ఒంటి భాగం ఉన్న మనిషికి దేవతకు చెప్పుకోవడం తప్ప ఇంకేం దారి ఉంచాం? గుళ్లో ఆమెను ఎవరూ ఆధారం అడగరు. నోరు తెరిచి చెప్పనవసరం కూడా లేదు. మనసులో అనుకుంటే చాలు. నేను ఆ ఒక్క తలుపును మూయమని ఆమెతో పోట్లాడాను. వేరే తలుపు తెరిచింది లేదు.

మందులు ఎక్కించారు. జుట్టు రాలిపోయింది. రెండు నెలలు కొంచెం బాగున్నట్టు కనిపించి మగ్గం దగ్గరికి పోయి కూచుంది. బావ పలక తనే లాగి, పోగు మాత్రం ఆమెను సరిచేయమనేవాడు. నేను ప్రతి ఆదివారం వెళ్లాను. వాదనలు మానేశాం. అది ఆమెకు నచ్చలేదు.

"ఏందిరా, నోరు పడిపోయిందా?" అనేది. "ఏదన్న చెప్పు. నీ దుమ్ము సంగతి చెప్పు."

చెప్పేవాణ్ని. కళ్లు మూసుకుని వినేది. నిద్రపోయిందనుకుని ఆపితే, "ఊ" అనేది.

ఎండలు ముదిరిన నెలలో పోయింది. ఒక మధ్యాహ్నం, అన్నాల వేళ.

కర్మలన్నీ జరిగాయి. నేను అడ్డుచెప్పలేదు. మా పాత చర్చల మిత్రుడొకడు వచ్చి, "నువ్వు గూడ కూసున్నవా?" అన్నాడు మెల్లగా. కూచున్నాను. బావ ఏం చేయమంటే అది చేశాను. నేను ఓడిపోయానని కొందరు అనుకున్నారు, మారిపోయానని కొందరు. రెండూ కాదు. మొక్కు గడ్డను కరిగించదు. ఇవాళ ఎవరు అడిగినా ఇదే చెప్తాను. కానీ ఎవరైనా కొత్తగా మొక్కుకున్నారంటే, వాళ్ల బతుకులో ఏదో కనబడనిది బరువుగా తిరుగుతోంది. అది దారి చేసుకుంటోంది. మొక్కు నిజమా అబద్ధమా అని నేను అడిగాను. మొక్కు దేనికని అడగలేదు. నక్షత్రాల దుమ్ము విషయంలో ఇంత మూర్ఖమైన తప్పు ఎవరూ చేయరు. వలయంలో సందు చూసి, దుమ్ము ఇక్కడ ఎందుకు లేదు, ఉండవలసింది కదా అని దుమ్మును తిట్టేవాడు ఉంటాడా? నేను ఆ పని ఎనిమిది నెలలు చేశాను.

ఆ ప్రసంగాన్ని కొంతకాలం మానేశాను. తర్వాత నాగర్‌కర్నూల్ వైపు బడులనుంచి పిలుపొస్తే మళ్లీ వెళ్లాను. తెలకపల్లి మండలంలో ఒక హైస్కూలు. పొద్దున చెప్పడం అయిపోయింది. పిల్లలు బాగానే విన్నారు. మధ్యాహ్నం వంటగది అరుగు మీద నాకు అన్నం పెట్టారు. వండే ఆడవాళ్లు ముగ్గురు. వడ్డించినామె తను తినకుండా పక్కన నిలబడింది. నలభై ఏళ్లుంటాయి.

"నువ్వు తినవా అమ్మా?"

"ఒక్కపొద్దు సార్. మంగళారం గద."

ముద్దను పళ్లెంలో పెట్టాను.

"ఎందుకుంటున్నవు?"

ఆమె బెదిరింది. ఈ సారు దేవుళ్లను తిడతాడని ఎవరో చెప్పి ఉంటారు. "అందరుంటరు గద సార్," అంది.

"అందరి సంగతి కాదమ్మా. నీకేం కష్టమొచ్చింది?"

ఆమె గరిటెను గిన్నెలో ఒకసారి తిప్పింది. నేను ఎదురుచూశాను. ఎదురుచూడటం నాకెవరూ నేర్పని విద్య. చివరికి, తలవంచుకుని చెప్పింది.

"మా బర్రె సార్. మూడుసార్లు ఎద సూది ఏపిచ్చినం. చూలు కట్టలే."

గిన్నెలు తోముతున్న రెండో ఆమె పకపకా నవ్వింది. "ఈమె ఒక్కపొద్దులుండి ఎండుతుంది సార్. బర్రె మాత్రం మంచిగ బలుస్తుంది."

నాకూ నవ్వొచ్చింది. నెలల తర్వాత వచ్చిన నవ్వు. గట్టిగా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే అది వేరే వైపు తిరిగింది. కుడిచెయ్యి ఎంగిలి, ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నాను. వాళ్లు నివ్వెరపోయారు. నీళ్ల చెంబు తెచ్చిచ్చారు.

"ఏమైంది సార్? నేనేమన్న తప్పంటినా?"

చెయ్యి కడుక్కుని చెప్పాను. బర్రెను పశువుల దవాఖానలో చూపించమని ముందు చెప్పాను. తర్వాత అక్క గురించి చెప్పాను. దాచకుండా, రొమ్ము అనే మాటతో సహా.  ఎనిమిది నెలలు ఎందుకు దాచిందో, కత్తి తగిలితే పాకుతుందని ఎట్లా నమ్మిందో, అంతా.

అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మూడో ఆమె, ముగ్గురిలో పెద్దామె, పెద్ద డేగిశా తోముతోంది. ఆమె చేతులు ఆగాయి.

"పాకదా సార్?" అంది, నా వైపు చూడకుండా. "కత్తి తగిలితె పాకదా?"

జవాబు నా నోటిదాకా వచ్చేసింది. వరుస పెట్టుకుని, ఒకదాని వెనక ఒకటి, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. వాటిని అక్కడే ఆపి, అరుగు మీదనుంచి దిగి ఆమె పక్కన తడినేల మీద కూచున్నాను.

"ఎవరికుందమ్మా?" అన్నాను.